గంట రేటు సరిగ్గానే ఉంది, మరి జీతం ఎక్కడ తగ్గింది?

మా పిన్ని కూతురు మెల్‌బోర్న్‌లో నర్సింగ్ చదువుతూ డిజెబిలిటీ సపోర్ట్ వర్కర్‌గా, అంటే వికలాంగుల ఇళ్లకి వెళ్లి సాయం చేసే పనిలో, పార్ట్ టైమ్ చేస్తోంది. ఒకరోజు భోజనాలయ్యాక ఫోన్‌లో పే స్లిప్ తెరిచి నా ముందు పెట్టింది. "అన్నయ్యా, రేటు కరెక్టే. గంటలూ కరెక్టే. మరి మా క్లాసమ్మాయికి అలాంటి రోజుకే నాకన్నా ఎనభై డాలర్లు ఎక్కువొచ్చాయి. ఎలా?" ఇద్దరిదీ ఒకే పని, ఒకే లెవెల్. కంపెనీలే వేరు.

స్లిప్‌లో ఆ మంగళవారానికి ఒక్కటే వరుస ఉంది: ఆర్డినరీ, 5.50 గంటలు. ఆ రోజు ఆమె పొద్దున ఏడింటికి మొదటి క్లయింట్ ఇంట్లో అడుగుపెట్టింది. చివరి క్లయింట్ ఇంట్లోంచి బయటపడేసరికి రాత్రి ఏడున్నర. మధ్యలో రెండుసార్లు ఖాళీ. ఒకసారి లైబ్రరీలో కూర్చుంది, ఇంకోసారి షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో కారు సీటు వెనక్కి వాల్చి కునుకు తీసింది. పన్నెండున్నర గంటల రోజు కాగితం మీదికొచ్చేసరికి ఐదున్నర గంటలైంది.

నేను పేరోల్‌లో పనిచేస్తాను. ఈ రంగంలో గంట రేటే తప్పు పడటం నేను చూసినంతలో తక్కువ. రోజును ఎక్కడ కోశారు, కోసిన ముక్కకి ఏం పేరు పెట్టారు అన్న దగ్గరే డబ్బు జారిపోతుంది. అది అర్థం కావాలంటే ముందు అవార్డు అనే మాట దగ్గర మొదలుపెట్టాలి.

ఇక్కడ అవార్డంటే బహుమతి కాదు

మన బ్యాంకుల్లో పాతతరం వాళ్లకి ఈ మాట కొత్త కాదు. 1953 నాటి శాస్త్రి అవార్డు, 1962 నాటి దేశాయ్ అవార్డు వచ్చాక గుమాస్తాల్ని "అవార్డ్ స్టాఫ్" అనేవారు, ఇప్పటికీ అంటున్నారు. ట్రిబ్యునల్ తీర్పుతో జీతం, సెలవులు, పని గంటలు ఖరారైన ఉద్యోగులని అర్థం. ఆస్ట్రేలియాలోనూ అవార్డు ఆ కోవకే చెందుతుంది. ఒక రంగంలో ఎవరికైనా సరే ఇంతకన్నా తక్కువ ఇవ్వకూడదు అని ఫెయిర్ వర్క్ కమిషన్ రాసిపెట్టిన నిబంధనల పుస్తకం అది. అలాంటివి దేశంలో 120కి పైగా ఉన్నాయి.

వికలాంగుల సేవల రంగానికి వర్తించే అవార్డు పేరు చాంతాడంత: సోషల్, కమ్యూనిటీ, హోమ్ కేర్ అండ్ డిజెబిలిటీ సర్వీసెస్ ఇండస్ట్రీ అవార్డు 2010. పొట్టిగా రాసినదాన్ని కొందరు షాడ్స్ అంటారు, కొందరు స్కాడ్స్ అంటారు. నేను షాడ్స్ అనే అంటాను.

ఇందులో రెండు సంస్థల్ని కలిపేసుకుంటారు చాలామంది. నిబంధన రాసేది కమిషన్. అమలవుతోందా లేదా చూసేది ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్. మూడోది, ఈ రెండింటికీ సంబంధం లేనిది, ఎన్‌డీఐఎస్. 2013 జూలైలో ప్రయోగంగా మొదలై దేశమంతా విస్తరించిన జాతీయ వికలాంగ బీమా పథకం ఇది. ఇప్పుడు 7 లక్షల మందికి పైగా దీని కింద సేవలు పొందుతున్నారు. వాళ్లని పార్టిసిపెంట్లు అంటారు, వర్కర్ల నోట మాత్రం క్లయింట్లే. సేవకు డబ్బు కట్టేది ఈ పథకం. వర్కర్‌కి ఎంత ఇవ్వాలో చెప్పేది మాత్రం అవార్డు. కొన్ని కంపెనీల్లో యూనియన్‌తోనో ఉద్యోగులతోనో కుదుర్చుకున్న ఎంటర్‌ప్రైజ్ అగ్రిమెంట్ ఉంటుంది. అప్పుడు రేట్లు, నియమాలు అందులోవి చూడాలి. అయితే మొత్తమ్మీద అవార్డు కన్నా మెరుగ్గా ఉంటేనే కమిషన్ దాన్ని ఆమోదిస్తుంది.

ఒక మంగళవారాన్ని విప్పి చూస్తే

మా చెల్లెలి అసలు రేటు వదిలేద్దాం. లెక్క తేలిగ్గా పడాలని గంటకు 36 డాలర్లు అనుకుందాం. ఇది అవార్డులోని అంకె కాదు, ఉదాహరణ కోసం నేను పెట్టుకున్నది.

ఆ రోజు మూడు ముక్కలు. పొద్దున 7 నుంచి 9 వరకు ఒక క్లయింట్‌ని లేపి, స్నానం చేయించి, టిఫిన్ పెట్టడం. మధ్యాహ్నం 12 నుంచి 1 వరకు ఇంకొకరికి భోజనం. సాయంత్రం 5 నుంచి ఏడున్నర వరకు మూడో ఇంట్లో వంట, మందులు, పక్క సర్దడం. మొత్తం ఐదున్నర గంటలు. 36 చొప్పున 198 డాలర్లు. స్లిప్‌లో ఉన్నది ఇదే.

అవార్డు కళ్లతో చూస్తే ఇది బ్రోకెన్ షిఫ్ట్. అంటే భోజన విరామం కాకుండా, జీతం లేని ఖాళీ ఒకటో రెండో మధ్యలో వచ్చిన షిఫ్టు. 2022 జూలై 1 నుంచి దీని నియమాలు బిగిశాయి.

మొదటిది, ప్రతి ముక్కకీ కనీస చెల్లింపు. డిజెబిలిటీ పనిలో ఉన్న పార్ట్ టైమ్, క్యాజువల్ (పనున్నప్పుడే పిలిచే) ఉద్యోగులకి ఏ ముక్కకైనా కనీసం రెండు గంటల జీతం ఇవ్వాలి. మధ్యాహ్నం చేసింది గంటే అయినా రెండు గంటలకి లెక్క కట్టాలి.

రెండోది, షిఫ్టు విరిగినందుకు అలవెన్సు. ఒక ఖాళీ ఉంటే స్టాండర్డ్ రేటులో 1.7 శాతం, రెండుంటే 2.25 శాతం. స్టాండర్డ్ రేటంటే అవార్డులో అలవెన్సుల లెక్కకి కొలబద్దగా పెట్టుకున్న ఒక వారం జీతం. 2025 జూలై నాటి లెక్కన ఒక ఖాళీకి 21 డాలర్ల దగ్గర, రెండు ఖాళీలకి ఇరవై ఏడున్నర దగ్గర వస్తుంది. అన్నట్టు, రెండో ఖాళీ పెట్టాలంటే వర్కర్ ఒప్పుకోవాలి. రోస్టర్‌లో పడేసి ఊరుకుంటే కుదరదు.

మూడోది పన్నెండు గంటల గీత. షిఫ్టు మొదలైన దగ్గర్నుంచి పన్నెండు గంటలు దాటాక చేసే పనంతా డబుల్. ఏడింటికి మొదలైంది కాబట్టి రాత్రి ఏడు నుంచి ఏడున్నర దాకా గంటకు 72 లెక్కన పడాలి.

ఇప్పుడు కూడదాం. పొద్దున రెండు గంటలకి 72. మధ్యాహ్నానికి కనీస చెల్లింపు 72. సాయంత్రం మొదటి రెండు గంటలకి 72. చివరి అరగంటకి 36. మొత్తం 252. రెండు ఖాళీల అలవెన్సు కలిపితే 280కి దగ్గర. స్లిప్‌లో ఉన్న 198కీ దీనికీ తేడా 80 డాలర్ల పైమాటే. రేటు ఒక్క సెంటు కూడా మారలేదు.

కంపెనీ కావాలని చేసిందా? చెప్పలేం. వర్కర్ యాప్‌లో ఇంటికి వెళ్లినప్పుడు ఒక నొక్కు, వచ్చేటప్పుడు ఒక నొక్కు. ఆ నిమిషాలన్నీ కూడి పేరోల్ సాఫ్ట్‌వేర్‌కి చేరతాయి. బ్రోకెన్ షిఫ్ట్ నియమాన్ని సాఫ్ట్‌వేర్‌లో ఎవరో ఒకరు పెట్టి ఉండాలి. పెట్టకపోతే యంత్రానికి అవి మూడు చిన్న పనులు మాత్రమే. నేనే ఒకసారి ఈ గడి టిక్ చేయడం మర్చిపోయి రెండు ఫోర్ట్‌నైట్‌లు (ఒక్కోటి రెండు వారాలు) తప్పుగా జీతాలు పంపాను, తర్వాత కూర్చుని ఒక్కొక్కరిదీ చేత్తో సరిచేశాను.

సాయంత్రం ఎనిమిది, అర్ధరాత్రి, శనివారం, ఆదివారం

ఇక్కడ పెద్ద చిక్కులేమీ లేవు కానీ అంకెలు తెలియాలి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, రాత్రి ఎనిమిది దాటాక అర్ధరాత్రిలోపు ముగిసే షిఫ్టుని ఆఫ్టర్నూన్ షిఫ్ట్ అంటారు, దానికి 12.5 శాతం అదనం. అర్ధరాత్రి దాటాక ముగిసినా, పొద్దున ఆరింటి లోపు మొదలైనా నైట్ షిఫ్ట్, 15 శాతం అదనం. ఈ అదనం ఎనిమిది దాటిన తర్వాతి నిమిషాలకే కాదు, షిఫ్టు మొత్తానికీ వస్తుంది. నాలుగున్నరకి మొదలై ఎనిమిదింబావుకి ముగిసిన షిఫ్టులో పావుగంటకి మాత్రమే అదనం వేసిన స్లిప్పులు చూశాను.

శనివారం ఒకటిన్నర రెట్లు, ఆదివారం రెండు రెట్లు, పబ్లిక్ హాలిడే రెండున్నర రెట్లు. క్యాజువల్‌కి మామూలు రోజే 25 శాతం ఎక్కువ, ఎందుకంటే సిక్ లీవ్, యాన్యువల్ లీవ్ ఉండవు. ఆ 25 శాతం బేస్ మీదే లెక్కకట్టి కలుపుతారు, పెరిగిన రేటు మీద కాదు. మన 36 డాలర్ల ఉదాహరణలో క్యాజువల్‌కి మామూలు రోజు 45, శనివారం 63, ఆదివారం 81, పబ్లిక్ హాలిడేకి 99.

"ఏ రోజైనా సరే ఫ్లాట్‌గా నలభై ఐదు ఇస్తాం" అనే మాట మన స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో తరచూ వినపడుతుంది. వారమంతా చూస్తే మంచి రేటులాగే ఉంటుంది, ఆదివారం వచ్చేదాకా. అయితే ఒక మాట న్యాయంగా చెప్పాలి. అవార్డు కన్నా ఎక్కువ బేస్ ఇచ్చి, ఆ ఎక్కువలోనే పెనాల్టీలు, అంటే రాత్రి, శని, ఆది, సెలవు రోజుల అదనాలు, కలిశాయని కాంట్రాక్టులో స్పష్టంగా రాసుకోవడం తప్పు కాదు. కానీ ఏ వారం లెక్క తీసినా అవార్డు ప్రకారం రావాల్సినదానికన్నా తక్కువ కాకూడదు. సంతకం పెట్టినంత మాత్రాన అవార్డు హక్కు పోదు.

నిద్రపోతే అరవై, లేస్తే?

అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించే సంగతి స్లీప్ ఓవర్. గ్రూప్ హోమ్‌లోనో క్లయింట్ ఇంట్లోనో రాత్రి పడుకోవాలి, అవసరమైతే లేవాలి. ఏకబిగిన ఎనిమిది గంటలు. దానికి స్టాండర్డ్ రేటులో 4.9 శాతం అలవెన్సు, 2025 జూలై నాటికి 60 డాలర్ల దగ్గర. గంటకి భాగిస్తే ఏడున్నర డాలర్లు. మొదటిసారి విన్నవాళ్లు ఎవరైనా "ఇదేం లెక్క!" అనే అంటారు.

అవార్డు తర్కం ఇలా ఉంటుంది: ఇది పని కాదు, పని కోసం అందుబాటులో ఉండటం. అందుకే వర్కర్‌కి విడిగా గది, మంచం, ఉతికిన దుప్పట్లు ఇవ్వాలి, బస ఉచితం. హాల్లో సోఫా చూపించి స్లీప్ ఓవర్ అనడం కుదరదు. స్లీప్ ఓవర్‌కి ముందో వెనకో, ఏదో ఒక వైపు కనీసం నాలుగు గంటల పని ఇవ్వాలి, లేదా నాలుగు గంటల డబ్బు ఇవ్వాలి. అరవై డాలర్లకి రాత్రి ఒక్కటే అమ్ముకోనివ్వదు అవార్డు.

లేస్తే లెక్క మారిపోతుంది. నిద్ర మధ్యలో పని పడితే ఓవర్‌టైమ్ రేటు, అదీ కనీసం గంటకి. ఒక బుధవారం చూద్దాం, పార్ట్ టైమ్ ఉద్యోగి, బేస్ 36. సాయంత్రం 6 నుంచి 10 వరకు పని, ఆ తర్వాత పొద్దున 6 వరకు స్లీప్ ఓవర్. రాత్రి రెండింటికి క్లయింట్ మంచం మీంచి జారితే ఇరవై నిమిషాలు పట్టింది లేపి, సర్ది, పడుకోబెట్టడానికి. చాలా స్లిప్పుల్లో కనపడేది: నాలుగు గంటలకి 144, స్లీప్ ఓవర్‌కి 60, మొత్తం 204. రావాల్సింది: ఎనిమిది దాటాక ముగిసింది కాబట్టి నాలుగు గంటలు 40.50 చొప్పున 162, స్లీప్ ఓవర్ 60, లేచిన ఇరవై నిమిషాలకి గంట ఓవర్‌టైమ్ 54. మొత్తం 276.

ఆ 54 డాలర్లు పడాలంటే లేచిన సంగతి ఎక్కడో రాసి ఉండాలి. ఇళ్లలో వంటగది గట్టు మీద కమ్యూనికేషన్ బుక్ అని ఒకటి ఉంటుంది. అందులో "2 ఏఎమ్, పడ్డారు, దెబ్బలేమీ లేవు, 2.20కి నిద్రపోయారు" అని ఉంటుంది. అది క్లయింట్ క్షేమం కోసం రాసిన మాట. పేరోల్‌కి ఆ పుస్తకం ఎప్పుడూ చేరదు. డబ్బు పోయేది సరిగ్గా ఆ పుస్తకానికీ పేరోల్‌కీ మధ్య.

రోజూ నాలుగైదుసార్లు లేపే క్లయింట్ ఉంటే? అప్పుడది స్లీప్ ఓవర్ ఎలా అవుతుందన్న ప్రశ్న వస్తుంది. రాత్రంతా మెలకువగా ఉండే షిఫ్టుని యాక్టివ్ నైట్ అంటారు, ప్రతి గంటకీ నైట్ షిఫ్ట్ జీతం ఇవ్వాలి. పథకంలోనూ ఈ రెండింటికీ వేర్వేరు ధరలున్నాయి. క్లయింట్ ప్లాన్‌లో స్లీప్ ఓవర్‌కే డబ్బు మంజూరై ఉంటే కంపెనీ దాన్ని యాక్టివ్‌గా మార్చడానికి జంకుతుంది. వర్కర్‌కి మాత్రం కళ్లు మండుతూనే ఉంటాయి. ఇంకో వాదమూ ఉంది: స్లీప్ ఓవర్‌కి అటూ ఇటూ చేసిన గంటలు ఒకే షిఫ్టా, రెండు షిఫ్టులా? ఒకటే అంటే ఓవర్‌టైమ్ గీత త్వరగా వస్తుంది, అదనాలూ మారతాయి. కంపెనీలు రెండు అంటాయి, యూనియన్లు ఒకటి అంటాయి. అవార్డు వాక్యం ఇద్దరికీ కొంత చోటిచ్చేలా ఉండటమే గొడవకి మూలం.

ఒకే చేతులు, రెండు షెడ్యూళ్లు

ఇప్పటిదాకా బేస్ రేటు సరిగ్గా ఉందనే అనుకున్నాం. అసలు ఆ బేస్ ఏ పట్టికలోంచి తీయాలన్నదే పెద్ద ముడి.

షాడ్స్‌లో డిజెబిలిటీ వర్కర్ కూర్చోగల కుర్చీలు రెండు. ఒకటి షెడ్యూల్ బి, సోషల్ అండ్ కమ్యూనిటీ సర్వీసెస్, వాడుకలో సాక్స్. రెండోది షెడ్యూల్ ఈ, హోమ్ కేర్. సాక్స్ రేటు ఎక్కువ. దానికి చరిత్ర ఉంది. ఈ పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ కాబట్టి జీతాలు తొక్కివేతకు గురయ్యాయని యూనియన్లు వేసిన కేసులో 2012లో సమాన వేతన ఉత్తర్వు వచ్చింది. లెవెల్ 2 నుంచి 8 వరకు, లెవెల్‌ని బట్టి 19 నుంచి 41 శాతం పెంపు, విడతలుగా 2020 డిసెంబర్ దాకా. ఆ పెంపు సాక్స్‌కే వచ్చింది, హోమ్ కేర్‌కి రాలేదు.

మరి ఎవరు ఎందులోకి వస్తారు? అవార్డు నిర్వచనం ప్రకారం వికలాంగులకి కమ్యూనిటీలోనో రెసిడెన్షియల్ చోటులోనో సేవ చేస్తే సాక్స్. ప్రైవేట్ రెసిడెన్స్‌లో వ్యక్తిగత సేవ, ఇంటిపని చేస్తే హోమ్ కేర్. పాతకాలంలో ఈ గీత తేటగానే ఉండేది. ఒకరు డే సెంటర్‌లో పనిచేసేవారు, ఇంకొకరు ఇంటికి వెళ్లి తుడిచి వచ్చేవారు. ఎన్‌డీఐఎస్ వచ్చాక అదే వర్కర్ తొమ్మిదింటికి క్లయింట్ ఇంట్లో స్నానం చేయిస్తుంది, పదిన్నరకి అదే క్లయింట్‌ని స్విమ్మింగ్ పూల్‌కి తీసుకెళ్తుంది. గడప దాటగానే షెడ్యూల్ మారుతుందా?

యజమానుల తరఫు వాదన అక్షరాల మీద నిలబడుతుంది: ప్రైవేట్ రెసిడెన్స్ అని రాసి ఉంది, ఇల్లు ప్రైవేట్ రెసిడెన్సే, కాబట్టి హోమ్ కేర్. వర్కర్ల తరఫు వాదన పని స్వభావం మీద: క్లయింట్ స్వతంత్రంగా బతికేలా తోడ్పడటమే ఈ ఉద్యోగం, గిన్నెలు కడగడం అందులో భాగం, ఇంటిపని కోసం పెట్టుకున్న మనిషి కాదు. వాళ్ల చేతిలో ఇంకో గట్టి పట్టు ఉంది. ఎన్‌డీఐఎస్ ధరలు కట్టే లెక్కలో వర్కర్ సాక్స్ జీతం తీసుకుంటుందనే అనుకుని ధర వేస్తారు. సాక్స్ లెక్కన వసూలు చేసి హోమ్ కేర్ లెక్కన చెల్లిస్తే మిగిలినది ఎవరి జేబులోకి అని అడుగుతారు. పథకం ధర ఎలా కట్టిందన్నది అవార్డు అర్థాన్ని మార్చదు, చట్టపరంగా అదీ నిజమే. నాకైతే రోజులో ఎక్కువ భాగం ఏ పని జరుగుతోందో చూసి తేల్చడమే సబబనిపిస్తుంది. చాలా సంస్థలు గొడవెందుకని అందరినీ సాక్స్‌లోనే పెట్టేస్తాయి.

దీని మీద ఇంకో పొర కూడా ఉంది. వృద్ధుల సేవ చేసేవాళ్లకి 2023 జూన్ 30 నుంచి విడిగా 15 శాతం పెంపు వచ్చింది, ఆ తర్వాతా పెరిగింది. దాంతో హోమ్ కేర్ పట్టిక కూడా రెండుగా చీలింది, వృద్ధులకి ఒకటి, వికలాంగులకి ఒకటి. పొద్దున డెబ్బై ఏళ్ల అవ్వకీ, మధ్యాహ్నం ముప్ఫై ఏళ్ల కుర్రాడికీ ఒకే సాయం చేసిన మనిషికి రెండు రేట్లు పడొచ్చు.

లెవెల్ సంగతి కొంచెం తేలిక. లెవెల్‌ని నిర్ణయించేది చేసే పని, చేతిలో ఉన్న పట్టా కాదు. సంబంధిత చదువు ఉంటే మొదలుపెట్టే పే పాయింట్ (లెవెల్ లోపలి మెట్టు) పైకి జరగొచ్చు, కానీ ఇండియాలో చేసిన బీటెక్‌కి ఇక్కడ విలువ లేదు. సూటిగా సేవ చేసే వర్కర్లు ఎక్కువమంది లెవెల్ 2లో ఉంటారు. ఏడాది పూర్తయి పని బాగుంటే అదే లెవెల్‌లో ఒక పే పాయింట్ పైకి వెళ్లాలి. మూడేళ్లుగా అదే పే పాయింట్‌లో ఉన్నవాళ్లు కనపడుతూనే ఉంటారు.

క్లయింట్ రావద్దన్నప్పుడు, కారులో ఉన్నప్పుడు

క్లయింట్ ఆఖరి నిమిషంలో వద్దంటే పర్మనెంట్ ఉద్యోగికి ఏమవుతుంది? ఏడు రోజుల లోపు రద్దు అయితే కంపెనీ వేరే పని చూపించొచ్చు, లేదా షిఫ్టు తీసేయొచ్చు. తీసేస్తే ఆ డబ్బు ఇవ్వాలి, లేదా ఆరు వారాల లోపు బదులు గంటలు ఇవ్వాలి. బదులు గంటలు ఇవ్వాలంటే షిఫ్టుకి కనీసం 12 గంటల ముందు చెప్పి ఉండాలి. పొద్దున ఆరింటికి "ఇవాళ రావద్దు" అని మెసేజ్ పెడితే డబ్బు ఇవ్వాల్సిందే. సపోర్ట్ వర్కర్ సేవల్లో క్లయింట్ ఏడు రోజుల లోపు రద్దు చేస్తే కంపెనీ పథకం నుంచి పూర్తి ధర రాబట్టుకోవచ్చు. రెండు ఏడులు కలిసింది అందుకే.

ప్రయాణం మాత్రం ఇంకా నలుగుతూనే ఉంది. సొంత కారు వాడితే కిలోమీటరుకి డాలరు అటూ ఇటుగా అలవెన్సు ఉంది. ప్రయాణానికి పట్టే సమయానికి మాత్రం అవార్డులో విడిగా నిబంధన లేదు. ఒక ఇంటి నుంచి నేరుగా ఇంకో ఇంటికి వెళ్తుంటే అది షిఫ్టులో భాగమేనన్న వాదన బలంగా ఉంది. కానీ మధ్యలో బ్రోకెన్ షిఫ్ట్ ఖాళీ పెడితే ఆ డ్రైవింగ్ జీతం లేని ఖాళీలో కలిసిపోతుంది. బ్రోకెన్ షిఫ్ట్ అలవెన్సు పెట్టింది ఆ అసౌకర్యానికేనని యజమానులంటారు. నలభై నిమిషాలు కారు తోలడం విశ్రాంతి ఎలా అవుతుందని యూనియన్లంటాయి. ఎన్‌డీఐఎస్ నగరాల్లో ఒక్కో విజిట్‌కి 30 నిమిషాల వరకు ప్రయాణ సమయాన్ని బిల్లు చేసుకోనిస్తుంది. ఆ 30 నిమిషాలు వర్కర్ స్లిప్ దాకా వస్తున్నాయా అన్నదే అడగాల్సిన ప్రశ్న.

డెబ్బై వసూలు చేసి నలభై ఐదు ఇస్తారా?

2025–26కి మామూలు రోజు పగటి సేవకి ఎన్‌డీఐఎస్ గరిష్ఠ ధర గంటకి 70.23 డాలర్లు. వర్కర్‌కి 45 వస్తుంటే మిగతా పాతిక మింగేశారని అనిపించడం సహజం. 45 మీద సూపర్ (ఉద్యోగి రిటైర్మెంట్ ఖాతాలో యజమాని వేసేది) 12 శాతం, అంటే 5.40. వర్కర్స్ కాంపెన్సేషన్ బీమా ఒకటి, పర్మనెంట్ వాళ్లకైతే సెలవులు, ఆపైన ట్రైనింగ్, రోస్టర్ చేసేవాళ్ల జీతం, ఆఫీసు. లాభం మిగిలేది ఆ చివరి డాలర్లలోనే. చిన్న ప్రొవైడర్లు నష్టమంటున్నది పూర్తిగా అబద్ధం కాదు. అయితే ధర చాలకపోవడం జీతం తగ్గించడానికి చట్టం ఒప్పుకునే కారణం కాదు.

ఈ పాతిక డాలర్ల తేడా చూపించే "ఏబీఎన్ తీసుకో, ఎక్కువిస్తాం" అంటారు. ఏబీఎన్ అంటే సొంత వ్యాపారం చేసేవాళ్లకిచ్చే నంబరు, దాని మీద పనిచేస్తే స్వతంత్ర కాంట్రాక్టర్. పెనాల్టీ రేట్లు ఉండవు, సెలవులుండవు, దెబ్బ తగిలితే బీమా సొంతంగా చూసుకోవాలి. సొంత క్లయింట్లు, సొంత రేటు, నచ్చని పని వద్దనే స్వేచ్ఛ నిజంగా ఉన్నవాళ్లకి అది నప్పుతుంది, అలాంటివాళ్లూ ఉన్నారు. రోస్టర్ వాళ్లదే, రేటు వాళ్లదే, యూనిఫామ్ వాళ్లదే అయినప్పుడు కాగితం మీద ఏబీఎన్ రాసుకున్నా ఉద్యోగి ఉద్యోగే. 2024 ఆగస్టు 26 నుంచి చట్టం కాంట్రాక్టులో రాసిన మాట ఒక్కటే కాక ఆచరణలో ఆ బంధం ఎలా నడుస్తోందో చూస్తుంది.

పొరపాటు ఎప్పుడు నేరమవుతుంది

2025 జనవరి 1 నుంచి కావాలని జీతం ఎగ్గొట్టడం ఆస్ట్రేలియా ఫెడరల్ చట్టంలో నేరం. వ్యక్తికి గరిష్ఠంగా పదేళ్ల జైలు. కావాలని అన్నదే ఇందులో కీలకం. సాఫ్ట్‌వేర్‌లో గడి మర్చిపోతే నేరం కాదు, కానీ బాకీ బాకీయే, ఆరేళ్ల వెనక్కి అడగొచ్చు. సివిల్ జరిమానాలూ ఉంటాయి.

స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లని కట్టేసేది ఇంకో భయం. చదువు నడుస్తున్నప్పుడు ఫోర్ట్‌నైట్‌కి 48 గంటలే పనిచేయాలి, 2023 జూలై నుంచి ఉన్న పరిమితి. ఒకట్రెండు గంటలు దాటినవాళ్లు తక్కువ జీతం గురించి నోరెత్తరు. వీసా షరతు దాటినా చేసిన పనికి అవార్డు జీతం హక్కు అలాగే ఉంటుందని 2023లో చట్టంలోనే రాశారు. వీసా పరిణామాలు వేరే దారి, జీతం హక్కు వేరే దారి. రెండూ ఒకటేనని నమ్మించడం కొందరికి లాభసాటి.

పట్టికలే మారబోతే

2025 ఏప్రిల్ 16న కమిషన్ ఆడవాళ్లు ఎక్కువగా చేసే పనుల విలువ మీద తీర్పిస్తూ షాడ్స్ గురించి పెద్ద ప్రతిపాదనే పెట్టింది. సాక్స్, హోమ్ కేర్ పట్టికల్ని విడివిడిగా ఉంచకుండా ఒకే కొత్త వర్గీకరణ తేవాలని, 2012 సమాన వేతన ఉత్తర్వుని రద్దు చేసి పెంపుని నేరుగా అవార్డులోనే కలపాలని ప్రాథమిక అభిప్రాయం. హోమ్ కేర్‌లో ఉన్నవాళ్లకి ఇది మంచి వార్త. సాక్స్ పై లెవెళ్లలో ఉన్నవాళ్లకి కొత్త పట్టికలో స్థానం కిందికి జారుతుందేమోనని యూనియన్లు అభ్యంతరం చెప్పాయి. ప్రొవైడర్ల బెంగ వేరు, జీతం పెరిగితే పథకం ధర కూడా వెంటే పెరుగుతుందా అని.

పట్టికలు ఒకటైతే గడప దాటితే షెడ్యూల్ మారుతుందా అన్న ప్రశ్న పోతుంది. బ్రోకెన్ షిఫ్ట్, స్లీప్ ఓవర్ ముడులు మాత్రం బేస్ రేటుతో పోయేవి కావు.

మా చెల్లెలు ఆ మంగళవారం గంటల్ని ఒక కాగితం మీద రాసుకుని మేనేజర్‌కి ఈమెయిల్ పెట్టింది. వారం తిరక్కుండా తర్వాతి స్లిప్‌లో బకాయి పడింది, కొత్తగా రెండు వరుసలు కనపడ్డాయి: "బ్రోకెన్ షిఫ్ట్, 2 బ్రేక్స్" అని ఒకటి, "డబుల్ టైమ్ 0.50" అని ఇంకొకటి. మధ్యాహ్నం గంట మాత్రం ఇంకా గంటగానే ఉంది.